మత్తుమందు ఇస్తే మతి పోతుందా?

లాల్‌దర్వాజా నుంచి ఒక సోదరి వుత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక సంగతి మాత్రం చెబుతాను. వారి అమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఆరు నెలల్లో మూడుసార్లు కుడి డొక్కలో విపరీతమైన నొప్పి, వాంతులు. ఆపరేషను చేయించుకోవడం మంచిదని సర్జను చెప్పి రెండు నెలలయింది. అమ్మగారు మాత్రం ససేమిరా అంటున్నారు. ఆమెకు కత్తి అంటే భయం లేదు. మత్తుమందు అంటేనే భయం.

ఆ భయానికి కారణం వుంది. ఎనిమిదేళ్ళ క్రితం ఇంటి పెద్దాయన కింద పడి తుంటి విరిగితే ఆపరేషను జరిగింది. మర్నాటి రాత్రి ఆయన కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు. సెలైను సూది పీకేశారు. గోడ మీద లేని చీమలను దులపమన్నారు. నాలుగో రోజుకు కుదుటపడి, ఆ తరువాత అయిదేళ్ళు చక్కగా బతికారు. కాని ఆ రాత్రులు ఆ ఇల్లాలి మనసులో నాటుకుపోయాయి. ఇప్పుడు కూతురు ఆపరేషను మాట ఎత్తితే చాలు, "మీ నాయన లెక్క నన్ను గూడ మతి తప్పినదాన్ని చేస్తరా?" అంటున్నారట.

"డాక్టరుగారూ! మత్తుమందు మెదడును నిజంగా ఏం చేస్తుంది? అమ్మకు ఏమని చెప్పమంటారు?" అని ఆ సోదరి ప్రశ్న.

ఈ అనుమానం ఆ ఒక్క ఇంటిదే కాదు. గర్భసంచి ఆపరేషను అని, హెర్నియా అని, మోకీలు అని డాక్టర్లు చెప్పిన తరువాత కూడా ఇదే బెంగతో ఏళ్ళ తరబడి వాయిదా వేసేవారు ఎందరో వున్నారు. అందుకని జవాబు కాస్త వివరంగానే చెబుతాను.

నిద్ర వేరు, మత్తు వేరు

"మిమ్మల్ని నిద్రపుచ్చుతాం" అని మేము రోగికి చెబుతూంటాం. ధైర్యం చెప్పడానికి ఆ మాట బాగానే వుంటుంది గాని, అది పూర్తి నిజం కాదు. నిద్రపోతున్న మనిషిని తట్టి పిలిస్తే లేస్తాడు. దోమ కుడితే చెయ్యి విదిలిస్తాడు. రాత్రంతా అతని మెదడు కొంతసేపు గాఢనిద్ర, కొంతసేపు కలల నిద్ర అని వంతులు మార్చుకుంటూ వుంటుంది. పూర్తి మత్తులో వున్నవాడు కోతపెట్టినా లేవడు. మందు అందుతున్నంతసేపూ ఆ స్థితిలోనే వుండి, మందు ఆపిన తరువాత తిరిగివస్తాడు. అందుకే వైద్యులు దీన్ని నిద్రతో కాక, మళ్ళీ బయటికి రాగల కోమాతో పోలుస్తారు.

మత్తులో కూడా మెట్లున్నాయి. కడుపులోకి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ వంటి పరీక్షలకు తేలికపాటి మత్తు ఇస్తారు. పలకరిస్తే పలుకుతారు, తరువాత అడిగితే ఏమీ గుర్తుండదు. పెద్ద ఆపరేషనులకు పూర్తి మత్తు ఇస్తారు. నడుములో ఇంజక్షను ఇచ్చినప్పుడు కాళ్ళూ పొట్ట కింది భాగమూ మొద్దుబారతాయి గాని మెదడు మేలుకునే వుంటుంది. ఈ మెట్ల మధ్య గోడలు లేవన్నది గుర్తుంచుకోవాలి. తేలిక మత్తు కాస్త ఎక్కువైతే పూర్తి మత్తులోకి జారిపోవచ్చు. ఒకరికి చాలిన మోతాదు ఇంకొకరికి, ముఖ్యంగా వయసు మళ్ళినవారికి, మించిపోవచ్చు.

మూసీ వంతెనలు మూసేస్తే

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. మత్తుమందు వాటిని చంపేస్తుందనీ, దీపం ఆర్పినట్టు ఆర్పేస్తుందనీ చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు.

పాతబస్తీ వారికి ఒక పోలిక చెబితే సులువుగా బోధపడుతుంది. పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, ఇలా మూసీ మీద వంతెనలన్నీ ఒక పూట మూసేశారనుకోండి. చార్మినారు దగ్గర దీపాలు వెలుగుతూనే వుంటాయి. అఫ్జల్‌గంజ్‌లో పొయ్యిల మీద చాయ్ మరుగుతూనే వుంటుంది. కాని ఇటు కబురు అటు చేరదు, అటు మనిషి ఇటు రాలేడు. వూరు బతికే వుంది, ఒక్క వూరుగా మాత్రం లేదు.

మత్తులో మెదడు పరిస్థితి సరిగ్గా ఇదే. మెలకువగా వున్నప్పుడు చెవికి తగిలిన మాట ముందు మెదడులోని వినికిడి భాగానికి చేరుతుంది. అక్కడినుంచి నుదుటి వెనక వున్న ముందు భాగానికీ, పక్క భాగాలకూ పాకుతుంది. అవి తిరిగి బదులు పంపుతాయి. ఈ రాకపోకలు సాగితేనే "ఇది మా అమ్మాయి గొంతు" అని మనకు తెలుస్తుంది. మత్తులో కూడా శబ్దం వినికిడి భాగం వరకు చేరుతూనే వుంటుంది. ఆ తరువాత మాత్రం దారి మూసుకుపోతుంది.

ఇది వూహించి చెప్పిన మాట కాదు. 2010లో పరిశోధకులు ఆరోగ్యవంతులకు మిడజోలాం అనే మందు ఇచ్చి, తలమీదనుంచి అయస్కాంత శక్తితో మెదడులో ఒకచోట చిన్న తట్టు తట్టి చూశారు. మెలకువలో ఆ తట్టు అలలు అలలుగా దూరప్రాంతాలకు పాకింది. మత్తులో తట్టినచోటే కదిలి అక్కడే అణిగిపోయింది.

2012లో అమెరికాలో ఇంకొక సంగతి బయటపడింది. మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడులో సన్నని తీగలు అమర్చిన రోగులకు ప్రొపోఫాల్ ఇచ్చి, స్పృహ తప్పే క్షణాన్ని పరిశీలించారు. నాడీకణాల పని ఆగిపోలేదు. కొద్ది క్షణాలు పనిచేయడం, కొద్ది క్షణాలు మిన్నకుండటం, ఇలా ఒక నిదానపు తాళంలో పడిపోయింది. పైగా ఒక ప్రాంతం పలికే వేళకు దూరాన వున్న ప్రాంతం నోరు మూసుకుని వుంది. వంతెన ఈ చివర గేటు తెరిచేసరికి ఆ చివర గేటు మూసేస్తే దాటేది ఎలా?

1929లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు మనిషి మెదడు విద్యుత్తు అలలను కాగితం మీద గీసి లోకానికి చూపాడు. ఆ గీతల్లో ఈ మార్పు కంటికి కనబడుతుంది. మెలకువలో అలలు చిన్నవి, వేగమైనవి, ఒకదానితో ఒకటి పొంతన లేనివి. సాయంత్రం లాడ్‌బజారులో బేరాల సందడిలాంటివన్నమాట. ప్రొపోఫాల్ మత్తులో అవి పెద్దవై, నిదానమై, ఒకే తాళంలో నడుస్తాయి. శబ్దం పెద్దదే, సమాచారం తక్కువ.

అన్ని మందులూ ఒకే తాళంచెవి వాడవు. మన మెదడులో "ఆగు, చాలు" అని చెప్పే గాబా అనే రసాయనం వుంది. పాలలా తెల్లగా వుండే ప్రొపోఫాల్, మిడజోలాం, ఈ గాబా పనికి బలం చేకూరుస్తాయి. కెటమిన్ దారి వేరు. దాన్ని ఇచ్చినప్పుడు అలలు వేగంగానే వుంటాయి, ముందు భాగంనుంచి వెనక్కి వెళ్ళే కబుర్లు మాత్రం తగ్గిపోతాయి. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందు సహజ నిద్రకు దగ్గరగా వుండి, పిలిస్తే పలికే మత్తునిస్తుంది. దారులు ఏవైనా చివరికి జరిగేది ఒక్కటే. మెదడు భాగాల మధ్య మాటలు తగ్గుతాయి. మందు రక్తంలో తగ్గగానే మళ్ళీ మొదలవుతాయి.

అఫ్జల్‌గంజ్‌లో జరిగిన పరీక్ష

వంతెనలు మూసినప్పుడు వూరికి కాపలా కావాలి గదా! మెడకు పైన, మెదడు మొదట్లో, వూపిరిని నడిపే కేంద్రం వుంది. మత్తు ఎక్కువైతే అది కూడా మందగిస్తుంది. ఈ సంగతిని లోకానికి గట్టిగా చాటినది మన హైదరాబాదే.

1880ల్లో ఇక్కడ ఎడ్వర్డ్ లారీ అనే దొర రెసిడెన్సీ సర్జనుగానూ, వైద్య పాఠశాల పెద్దగానూ వుండేవారు. ఆ రోజుల్లో మత్తు అంటే క్లోరోఫారమే. దాన్ని వాడటం మొదలైన కొద్ది నెలల్లోనే, 1848లో, ఇంగ్లండులో కాలి గోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ళ పిల్ల చనిపోయింది. అప్పటినుంచీ ఒకటే వాదన. క్లోరోఫారం ముందు గుండెను ఆపుతుందా, వూపిరినా? డాక్టరు నాడి పట్టుకుని వుండాలా, వూపిరి చూస్తూ వుండాలా?

తేల్చడానికి 1888లో హైదరాబాదులో ఒక సంఘం ఏర్పడి జంతువుల మీద పరీక్షలు జరిపింది. దాని తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, "మీ మనిషినే పంపండి, ఇక్కడే తేల్చుకుందాం" అన్నంత పని చేశారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు లండనునుంచి వచ్చారు. క్లోరోఫారం గుండెను ఆపగలదన్న నమ్మకంతోనే వచ్చారాయన. వందలాది జంతువుల మీద పరీక్షలు చూసిన తరువాత అభిప్రాయం మార్చుకుని, ముందు ఆగేది వూపిరేనని లండనుకు తంతి పంపారు. ఆ రోజుల్లోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకున్న పార్శీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలయ్యారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమె పేరు చెప్పుకుంటారు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ తరువాత ఆ ఒడ్డునే ఉస్మానియా ఆస్పత్రి లేచింది.

హైదరాబాదు తీర్పు సగమే నిజమని తరువాత తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే లండను డాక్టరు, తేలికపాటి క్లోరోఫారం మత్తులో, ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువైనప్పుడు గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవచ్చని చూపించారు. అంటే వూపిరినీ చూడాలి, గుండెనూ చూడాలి. ఇప్పుడు ఆపరేషను గదిలో క్లోరోఫారం లేదు. దాని స్థానంలో ఇంతకంటె ఎంతో భద్రమైన మందులు వచ్చాయి. అయినా లారీ దొర చెప్పిన "వూపిరి మీద కన్ను వేసి వుంచు" అన్న మాట ఈనాటికీ చెల్లుతుంది. 2009లో ప్రఖ్యాత గాయకుడు మైకేల్ జాక్సన్ నిద్రకోసం ఇంట్లో ప్రొపోఫాల్ తీసుకుని చనిపోయాడు. మందు మంచిదే. అక్కడ దానికి తగిన కాపలా లేదు.

తేరుకునేటప్పుడు

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతికి వద్దాం. మందు ఆపగానే వంతెనలన్నీ ఒక్కసారి తెరుచుకోవు. ముందు మెదడు లోతుల్లోని పాత భాగాలు మేలుకుంటాయి. వూపిరి, దగ్గు, మింగడం వస్తాయి. తరువాత పిలిస్తే కళ్ళు తెరుస్తారు. ఆలోచన, జ్ఞాపకం నిలకడగా రావడానికి ఇంకా సమయం పడుతుంది. అందుకే మత్తు దిగుతూంటే కొందరు ఏవేవో మాట్లాడతారు. చిన్నపిల్లలు వూరకే ఏడుస్తారు. ఇది కొద్దిసేపట్లో పోతుంది.

పెద్దాయనకు వచ్చినది వేరు. మర్నాడో మూడోనాడో వచ్చే ఈ తికమకను వైద్యులు డెలీరియం అంటారు. పగలు బాగానే వుండి రాత్రికి ఎక్కువవుతుంది. అరవై అయిదు దాటినవారిలో, ముఖ్యంగా తుంటి విరిగి వచ్చినవారిలో, ఇది తరచు కనబడుతుంది. దీనికి మత్తుమందు ఒక్కటే కారణం కాదు. నొప్పి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, నిద్రలేమి, కళ్ళజోడు లేక చూపు ఆనకపోవడం, కొత్త చోటు, అన్నీ కలిసి బలహీనపడిన మెదడును తికమక పెడతాయి. ఆపరేషను లేకుండా ఒట్టి న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన వృద్ధులకు కూడా ఇది వస్తుంది.

చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కొందరిలో మతిమరుపు కొన్ని వారాలో నెలలో వుండవచ్చు. అంతకుముందే జ్ఞాపకశక్తి తగ్గుతున్నవారిలో పూర్తిగా కోలుకోకపోవడం కూడా వుంది. ఈ మాట దాచడం న్యాయం కాదు. కాని తుంటి విరిగి హడావిడిగా వచ్చిన మనిషి పరిస్థితి వేరు, ఒంట్లో బి.పి., షుగరు సరిచూసుకుని, తేదీ నిర్ణయించుకుని, తాపీగా పిత్తాశయం ఆపరేషనుకు వచ్చే మనిషి పరిస్థితి వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మధ్యలో మెలకువ వస్తే?

సినిమాల్లో చూసి చాలామంది ఇది అడుగుతూంటారు. 2014లో బ్రిటనులో పెద్ద లెక్క తీశారు. పూర్తి మత్తు ఇచ్చిన సుమారు 19,000 మందిలో ఒకరు మాత్రమే మధ్యలో మెలకువ వచ్చినట్టు చెప్పారు. పూర్తి మత్తుతో సిజేరియన్ జరిగినప్పుడు సుమారు 670 మందిలో ఒకరు అలా చెప్పారు. సిజేరియన్‌కు వీలైనంతవరకు నడుములో ఇంజక్షను ఇవ్వడానికి వున్న కారణాల్లో ఇది ఒకటి. ఇదివరలో మీకు అలా జరిగి వుంటే సిగ్గుపడకుండా ముందే చెప్పండి. కొన్ని ఆస్పత్రుల్లో నుదుటికి పట్టీ అంటించి మెదడు అలలు చూస్తూ మత్తు మోతాదు సరిచేస్తారు. ఆ యంత్రం లేనంతమాత్రాన ప్రమాదమని బెదరనక్కరలేదు. వూపిరి, గుండె, రక్తంలో ప్రాణవాయువు, రక్తపు పోటు చూసే ఏర్పాటు, చూసే మనిషి మాత్రం తప్పకుండా వుండాలి.

పసిపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. గంటలోపు సాగే ఒక మత్తువల్ల పిల్లల తెలివితేటలు తగ్గవని, అయిదేళ్ళ వయసు వరకు పరీక్షించి చూసిన అధ్యయనం 2019లో తేల్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు చాలా గంటలు సాగే మత్తు, పదేపదే ఇచ్చే మత్తు విషయంలో మాత్రం అవసరమెంత అని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

మీరు చేయవలసినవి

1. మత్తు డాక్టరును ముందుగా కలవండి. వాడుతున్న మందులన్నీ చూపండి. యునానీ, ఆయుర్వేదం మందులు, షుగరుకూ సన్నబడటానికీ తీసుకునే ఇంజక్షన్లు కూడా చెప్పండి. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఆయన చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.

2. నిజం చెప్పండి. సారా, కల్లు, సిగరెట్టు, గుట్కా, నిద్రమాత్రలు, రాత్రి పెద్ద గురక, ఆయాసం, కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు, ఏదీ దాచవద్దు. అత్తగారి ఎదుట చెప్పలేకపోతే విడిగా చెప్పండి.

3. ఆకలి నియమం పాటించండి. మత్తులో దగ్గు పనిచేయదు. కడుపులో వున్నది వూపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మామూలుగా తేలిక ఆహారం ఆరు గంటల ముందు, బిర్యానీ, నిహారీ వంటివి ఎనిమిది గంటల ముందు ఆపాలి. ఇరానీ చాయ్‌లో పాలున్నాయి కనుక అది ఆహారం కిందే లెక్క. తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. మీ డాక్టరు వేరుగా చెబితే ఆ మాటే వినండి. రోజా పాటిస్తున్నవారు, ముఖ్యంగా షుగరు వున్నవారు, ఆ సంగతి చెప్పాలి.

4. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే తీసి రండి. గోళ్ళ రంగు తీసేయండి. ప్రాణవాయువు కొలిచే క్లిప్పు వేలికే పెడతారు. నల్ల మెహందీ వుంటే అది సరిగా చదవలేకపోవచ్చు. పెళ్ళిళ్ళ రోజులైనా కనీసం రెండు మూడు వేళ్ళ చివర్లు వదిలేయండి.

5. వృద్ధులైతే, తేరుకోగానే కళ్ళజోడు, చెవిమిషను తిరిగి ఇవ్వండి. తెలిసిన మనిషి ఒకరు పక్కన వుండి, రోజు, వేళ, చోటు చెబుతూ వుండాలి. పగలు వెలుతురు, రాత్రి చీకటి వుండాలి. వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టండి. తికమక పడుతూంటే కసరవద్దు, కట్టివేయవద్దు, ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర వేయవద్దు. వెంటనే నర్సుకు చెప్పండి.

6. తేలిక మత్తే అయినా 24 గంటలపాటు బండి నడపవద్దు, ముఖ్యమైన కాగితాలమీద సంతకం పెట్టవద్దు.

ఇక ఆ సోదరికి. అమ్మా, మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆమె కళ్ళారా చూసినదాన్ని లేదనడం తగదు. పక్కన కూర్చుని ఇలా చెప్పండి. "నాయనకు వచ్చినది తగ్గిపోయింది, నువ్వూ చూశావు. నీకు రాకుండా చేయవలసినవి ఇప్పుడు మాకు తెలుసు. నీ కళ్ళజోడు నా చేతిలో వుంటుంది. నువ్వు కళ్ళు తెరిచేసరికి నేను ఎదురుగా వుంటాను." పదేపదే నొప్పి వస్తున్న పిత్తాశయాన్ని అలాగే వదిలేస్తే చీము పట్టడం, కామెర్లు, క్లోమం వాయడం వంటివి రావచ్చు. అప్పుడు జ్వరంతో, అర్ధరాత్రి, సిద్ధం కాని ఒంటితో ఇదే మత్తు తీసుకోవలసివస్తుంది. ఆమె భయపడుతున్న తికమక అప్పుడే ఎక్కువగా వచ్చే వీలుంది.

ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరును ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగండి. "మా అమ్మ మత్తులో వున్నంతసేపూ, తేరుకునే దాకా, ఆమె వూపిరి చూస్తూ కూర్చునేది ఎవరు?" అని. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. "నేనే" అంటాడు. ఆ జవాబు దొరికితే తేదీ ఖాయం చేసుకోండి.